ఒకే కొట్టు, రెండు లెక్కలు

రంజాన్ నెలలో తరావీహ్ నమాజు అయ్యాక గుంటూరు బజారులో మా మిత్రుని చెప్పుల కొట్టుకు వెళ్ళి కూర్చోవడం నాకు పాత అలవాటు. బేరాలు తగ్గి షట్టరు సగం దించాక అక్కడ ఏటా ఒక పని జరుగుతుంది. ఆయన నిచ్చెన వేసుకుని అటక మీది అట్టపెట్టెలన్నీ దించుతాడు. కొడుకు కాగితం, కలం పట్టుకుని కింద కూర్చుంటాడు. సైజుల వారీగా, రకాల వారీగా లెక్క సాగుతుంది. రంగు వెలిసిన జతలు, ఒక కాలిది దొరికి రెండో కాలిది దొరకనివి కూడా బయటికి వస్తాయి. "ఇవి ఎవరు కొంటారు అబ్బా, వదిలెయ్యి" అని కొడుకు విసుక్కుంటే, "ఎంతకు పోతుందో అంత ధరే వెయ్యి, వదలడం మాత్రం వద్దు" అంటాడు తండ్రి.

అది జకాత్ లెక్క. కొట్లోని సరుకు, గల్లాలోని నగదు, బ్యాంకులో ఉన్నది, రావలసిన బాకీలు కలిపి, తాను తీర్చవలసిన అప్పులు తీసివేసి, మిగిలినదానిలో నూటికి రెండున్నర. తనిఖీకి వచ్చేవారు లేరు. నోటీసు లేదు, జరిమానా లేదు. అయినా ఒక్క పెట్టె తప్పదు.

ఇదే మిత్రుడు పన్ను రిటర్ను వెయ్యవలసిన రోజు వచ్చేసరికి వేరే మనిషి అవుతాడు. అప్పుడు బల్ల మీదికి పక్కా పుస్తకం వస్తుంది, కచ్చా పుస్తకం సొరుగులో ఉండిపోతుంది. నగదుకు అమ్మిన సరుకులో ఎంత చూపాలి, ఎంత మింగాలి అన్న ఆలోచన మొదలవుతుంది.

ఆయన్ని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ముప్పయ్ ఏళ్ళకు పైగా కొట్లలో పద్దులు రాసి బతికినవాణ్ణి నేను. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం రోజుల్లో సి ఫారాల కోసం తిరిగాను, 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పుడు కొత్త పద్దులు నేర్చుకున్నాను. కచ్చా చిట్టా, పక్కా చిట్టా రెండూ నా చేతిరాతలోనే ఉండేవి. కనుక ఇవి ఒడ్డున నిలబడి చెప్పే సుద్దులు కావు. నన్ను వేధించే ప్రశ్న ఒక్కటే. ఒకే మనిషి, ఒకే అటక, అవే పెట్టెలు. ఒక లెక్క పైసాతో సహా ఎందుకు తేలుతుంది, రెండోది ఎందుకు తేలదు?

దైవభీతి అని వెంటనే జవాబు చెప్పేవారున్నారు. నిజమే. కాని పన్ను పుస్తకం తెరవగానే ఆ దైవభీతి ఎక్కడికి పోతుంది? దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా వర్తకం చేసినవారు. బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, పైన పొడిగా ఉండి అడుగున తడిసి ఉండడం చూసి ఆ వర్తకుణ్ణి మందలించిన సంగతి మనకు విదితమే. తూనికల్లో మోసం చేసేవారి పేరుతో దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉంది. అంటే వ్యాపారపు లెక్క ధర్మానికి బయటిది కాదు. అయినా మన వర్తకుడి మనసులో జకాత్ ఒక గదిలోను, పన్ను మరో గదిలోను ఉన్నాయి. మధ్య గోడ ఎవరు కట్టారో చూడాలి. కొంత ప్రభుత్వం కట్టింది, కొంత మనమే కట్టుకున్నాం.

1972లో ఆలింగ్‌హామ్, శాండ్‌మో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పన్ను ఎగవేతను ఒక పందెంలా లెక్క కట్టారు. దొరికిపోయే అవకాశం ఎంత, దొరికితే పడే జరిమానా ఎంత, దొరక్కపోతే మిగిలేది ఎంత అన్నదే వారి సూత్రం. మన అధికారులు చాలామంది నేటికీ ఈ పద్ధతిలోనే ఆలోచిస్తారు. జరిమానా పెంచు, తనిఖీ పెంచు, వసూలు పెరుగుతుంది. ఆ తర్వాత వియన్నా విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ కిర్ష్లర్ ఇంకొక మాట కలిపాడు. సర్కారుకు ఉన్న బలం ఒకటి, జనానికి సర్కారు మీద ఉన్న నమ్మకం ఇంకొకటి, రెండూ పని చేస్తాయన్నాడు. బలం చూసి కట్టేవాడు తప్పించుకునే సందు కోసం వెతుకుతూనే ఉంటాడు. నమ్మి కట్టేవాడి వెంట మనిషిని తిప్పనక్కరలేదు. మా మిత్రుని అటక చూసినవాడికి ఇది చెప్పడానికి వియన్నా దాకా పోనక్కరలేదనుకోండి!

ముందు రేటు సంగతి. జకాత్ శాతం పద్నాలుగు శతాబ్దాలుగా మారలేదు. తాతకు తెలిసిన లెక్కే మనుమడికీ తెలుసు. ఇక చెప్పుల మీద జీఎస్టీ చూడండి. 2017 జూలై 1న పన్ను మొదలైనప్పుడు 500 రూపాయల లోపు జతకు 5 శాతం, పైదానికి 18 శాతం. 2018 జూలైలో ఆ హద్దు 1000 రూపాయలకు జరిగింది. 2022 జనవరి 1 నుంచి చవక చెప్పుల మీద కూడా 12 శాతం అయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 రూపాయల లోపు జతకు తిరిగి 5 శాతానికి దిగింది. దిగినందుకు సంతోషమే. కాని ఎనిమిదేళ్ళలో ఒకే రకం చెప్పుకు ఇన్నిసార్లు రేటు మారితే, పాత సరుకు ఏ రేటుకు కొన్నాడో, కొత్త బిల్లు ఏ రేటుకు రాయాలో ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి ఎట్లా గుర్తుంచుకుంటాడు? తప్పు పడుతుంది. పడిన తప్పుకు, కావాలని చేసిన తప్పుకు మధ్య తేడా చూసే తీరిక ఆఫీసులో ఎవరికీ ఉండదని వర్తకుడి అనుభవం. అటువంటప్పుడు ఎట్లాగూ తప్పే గదా, కావాలనే చేస్తే పోలేదా అనిపిస్తుంది.

హద్దులు కూడా అంతే. సరుకు అమ్మేవారికి నమోదు హద్దును 2019 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. గుంటూరులో నమోదు అక్కరలేని కొట్టు కృష్ణ దాటి నల్లగొండ జిల్లాలో పెడితే నమోదు కావాలన్నమాట. గాజు గాజులకు పన్ను లేదు. గాజులు మాత్రమే అమ్మేవారికి నమోదు బాధ కూడా లేదు. కాని అదే కొట్లో పక్కన గిల్టు నగలు, అత్తరు సీసాలు పెట్టగానే హద్దు లెక్కకు గాజుల అమ్మకం కూడా కలుస్తుంది. ఈ సంగతి గాజులమ్మే ఎంతమంది సోదరులకు తెలుసు? చెప్పేవారెవరు?

తర్వాతిది ఖర్చు. పెద్ద కంపెనీకి ఒక ఆడిటరు జీతం సముద్రంలో నీటిబొట్టు. నెలకు పాతికవేలు మిగిలే కొట్టుకు రిటర్నులు వేసే మనిషికిచ్చే రెండు వేలు పెద్ద మొత్తమే. అది పన్ను కాదు, పన్ను కట్టడానికి కట్టే పన్ను. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అమ్మకమే లేని నెలకైనా రోజుకు 20. ఒక రిటర్నుకు ఈ రుసుము పదివేల దాకా పెరిగే రోజులుండేవి. 2021 జూన్ నుంచి ఏమీ లేని రిటర్నుకు 500, కోటిన్నర లోపు వ్యాపారానికి 2000 అని హద్దు పెట్టారు. మా వీధిలో మగ్గం పని సామాను అమ్ముకునే ఒక సోదరి బ్యాంకు రుణానికి అడిగారని జీఎస్టీ నంబరు తీసుకుంది. 2020లో కరోనాతో కొట్టు మూతపడింది. అమ్మకం లేనప్పుడు ఏం కాగితం వెయ్యాలి అనుకుంది. నంబరు రద్దయింది. తిరిగి కావాలంటే అన్ని నెలల రిటర్నులు, అన్నిటి రుసుము కట్టాలన్నారు. ఒక్క రూపాయి పన్ను ఎగ్గొట్టని మనిషి, కాగితం వెయ్యలేదన్న నేరానికి అప్పు చేసింది. ఆ గల్లీలో ఇంకెవరైనా ఇష్టంగా నమోదు చేసుకుంటారా?

నోటీసు సంగతి చెప్పనే అక్కరలేదు. అది కంప్యూటరులో పెడితే అందినట్టే లెక్క. కంప్యూటరు ఆడిటరు దగ్గర, ఫోను నంబరు ఆడిటరుది, భాష ఇంగ్లీషు. గడువు దాటాక గాని కొట్టువాడికి తెలియదు.

అన్నిటికన్నా పెద్దది పక్క కొట్టు. బిల్లుతో అమ్మేవాడు, బిల్లు లేని జీరో వ్యాపారం చేసేవాడు ఒకే బజారులో ఉంటారు. పన్ను కట్టేవాడి చెప్పు 500 అయితే కట్టనివాడు 470కే ఇస్తాడు. వచ్చినవాడు ఆ కొట్టుకే పోతాడు. ఇక పైనుంచి చూస్తే, ఉత్తరాది నుంచి సరుకు పంపే పెద్ద వర్తకులలో కొందరు సగానికి బిల్లు, సగానికి చీటీ ఇస్తారు. పుచ్చుకోకపోతే సరుకు రాదు. చీటీతో వచ్చిన సరుకును బిల్లుతో ఎలా అమ్మడం? అది కూడా చీటీతోనే పోవాలి. అంటే చిన్న వర్తకుని ఎగవేత చాలాసార్లు అతని కొట్లో పుట్టదు, లారీలో వస్తుంది. దీనికి తోడు, 2022 జనవరి 1 నుంచి అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపితేనే కొన్నవాడికి తాను చెల్లించిన పన్ను తగ్గుతుంది. వాడు చూపకపోతే, లేదా పన్ను సర్కారుకు జమ చెయ్యకపోతే, పక్కా బిల్లు తీసుకుని డబ్బు చెల్లించినవాడే మళ్ళీ కట్టాలి. దొంగ ఒకడు, దండుగ ఒకడిది. నిజాయితీగా బిల్లు అడిగి తీసుకున్న మనిషిని ఇట్లా ఒకసారి శిక్షిస్తే, రెండోసారి అతను బిల్లు అడగడు. ఈ నిబంధన ఎంతమంది మంచివాళ్ళను జీరో వ్యాపారంలోకి నెట్టిందో ఢిల్లీలో కూర్చున్నవారికి తెలియదు.

భయంతో ఏమవుతుందో 2025 జూలైలో కర్ణాటకలో చూశాం. ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా వచ్చిన సొమ్మును కూడి, హద్దు దాటిందని అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిన్న వర్తకులకు నోటీసులిచ్చింది. హావేరిలో కూరగాయలమ్మే ఒకరికి నాలుగేళ్ళలో ఒక కోటి 63 లక్షలు వచ్చాయని 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయల మీద పన్నే లేదు! బెంగళూరు టీ కొట్లలో, బేకరీలలో స్కాన్ చేసే బొమ్మలు మాయమై, నగదు మాత్రమే అన్న బోర్డులు వెలిశాయి. చివరికి ముఖ్యమంత్రి కలుగజేసుకుని, నమోదు చేసుకుంటే పాత బకాయిలు అడగబోమని చెప్పవలసి వచ్చింది. వెలుతురులోకి వచ్చిన సొమ్మును ఒక్క వారంలో మళ్ళీ చీకట్లోకి పంపారు. ముందే ఒక మనిషిని పంపి, "అన్నా, నీ అమ్మకం హద్దు దాటింది, కోటిన్నర లోపు ఉంటే కాంపొజిషన్ పథకంలో నూటికి ఒక రూపాయి కడితే చాలు, ఇదిగో ఫారం" అని చెప్పి ఉంటే సగం మంది అక్కడికక్కడే చేరి ఉండేవారని నా నమ్మకం.

ఈ విద్య కొత్తదీ కాదు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కోసం పన్నుల మీద గ్రంథం రాసిన ఖాజీ అబూ యూసుఫ్, పన్నును కౌలుకు తీసుకుని వసూలు చేసే పద్ధతిని గట్టిగా వ్యతిరేకించారు. భూమికి ఇంత అని నిలకడ పన్ను వేసే బదులు పండినదానిలో భాగం తీసుకోమన్నారు. పంట పోయినవాడి మీద బరువు పడకూడదన్నది ఆయన బాధ. ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో, రాజ్యం తొలి రోజుల్లో తక్కువ పన్నుతో ఎక్కువ ఆదాయం వస్తుందని, చివరి రోజుల్లో ఎక్కువ పన్నుతో తక్కువ ఆదాయం వస్తుందని గమనించాడు. పన్నుల మాఫీ పథకాల గురించి ఆ పెద్దలు ఏమనేవారో గాని, నాకు మాత్రం అవి మింగుడుపడవు. 1997లో దాచిన ఆదాయం బయటపెట్టుకోమని ఒక పథకం, 2016లో మరొకటి. ప్రతిసారీ సకాలంలో కట్టినవాడే వెర్రివాడయ్యాడు.

ఇంతవరకు సర్కారు కట్టిన గోడ. ఇక మనం కట్టుకున్నది.

"మేం జకాత్ ఇస్తున్నాం గదా, మళ్ళీ పన్నెందుకు" అన్న మాట మన కొట్లలో తరచు వింటాం. ఇది తెలియక కొందరు, తెలిసి కొందరు అనే మాట. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు నిర్ణయమై ఉన్నాయి. వీధి దీపానికి, రోడ్డుకు, పెద్దాసుపత్రిలో మందులకు, మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆ సొమ్ము పోదు. ఒకటి కట్టాం గనుక రెండోది చెల్లు అనడానికి ఆధారం లేదు. "మా మొహల్లాలో మురుగు కాలవ ఏ స్థితిలో ఉందో చూడండి, ఎందుకు కట్టాలి" అనేవారి బాధ వేరు. ఆ బాధ న్యాయమైనదే. కాలవ బాగు చెయ్యమని కౌన్సిలరును నిలదీయవలసిందే. కాని జీఎస్టీ విషయంలో ఆ వాదన కూడా నిలవదు. ఎందుకంటే అది మన జేబులోది కానే కాదు.

ఈ రంజాన్‌లో పెట్టెల లెక్క అయ్యాక మా మిత్రుడు అడిగాడు: "భాయ్, గల్లాలో ఉన్న పన్ను డబ్బు జకాత్ లెక్కలో వెయ్యాలా, తీసెయ్యాలా?" ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. తీసెయ్యాలి, సర్కారుకు ఇవ్వవలసిన బాకీ గనుక అన్నాను. అని నేనే ఆగిపోయాను. 500 రూపాయల జత అమ్మితే అందులో దాదాపు 24 రూపాయలు పన్ను. కొనేటప్పుడు తాను చెల్లించినది పోగా మిగిలింది సర్కారుకు చేరాలి. కొన్న మనిషి, బహుశా ఒక కూలీ, ఆ 24 రూపాయలు మా మిత్రుని చేతిలో పెట్టాడు, చేర్చమని. అది అమానత్. జకాత్ లెక్కలో నాది కాదని తీసేసిన సొమ్మును రిటర్నులో చూపకుండా ఉంచుకుంటే, మరి అది ఎవరిది? మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. కచ్చా పుస్తకం తియ్యమని కొడుకుతో చెప్పి, ఆ నెల చీటీల మీద అమ్మినదంతా కూడించాడు. వచ్చిన అంకె చూసి ఇద్దరం నివ్వెరపోయాం. ఎంతో రాయను.

కొన్ని హోటళ్ళ సంగతి ఇంకా ఆక్షేపణీయం. కాంపొజిషన్‌లో చేరిన హోటలు 5 శాతం తన ఆదాయంలోంచి కట్టాలి, తినేవారి దగ్గర పన్ను పేరుతో వసూలు చెయ్యకూడదు. ఆ మాట బోర్డు మీద రాయాలి కూడా. అయినా బిర్యానీ బిల్లు కింద జీఎస్టీ అని వేసి పుచ్చుకునేవారున్నారు. హలాల్ మాంసం కోసం ఊరంతా వెతికే మనం, ఆ బిల్లు అడుగున ఉన్న గీతను చదవం. బిల్లు లేకుండా ఎంతకిస్తావ్ అని అడిగేది కూడా మనమే. అడిగేవాడున్నంత కాలం ఇచ్చేవాడుంటాడు.

చట్టం బరువు వర్తకుడితోనే పోదు. ఆయన పోయాక కొట్టు నడిపే వారసుల మీద పాత బకాయి పడుతుంది. కొట్టు మూసేసినా, మిగిలిన ఆస్తి మేరకు వారు కట్టాలి. మన ధర్మంలోనూ వారసత్వపు పంపకానికి ముందు అప్పులు తీర్చాలన్నదే నియమం. పన్ను బాకీ కచ్చా పుస్తకంలో దాచిపెట్టి పోయినవాడు భార్యాబిడ్డలకు ఏం మిగిల్చినట్టు?

లాభం సంగతీ ఉంది. మన వారిలో స్వయం ఉపాధి మీద బతికేవారు ఎక్కువని, బ్యాంకు రుణాలు అందేది తక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. కొట్టుకు అప్పు కావాలంటే బ్యాంకు మేనేజరు ముందడిగేది రిటర్నులే. పక్కా పుస్తకంలో వ్యాపారాన్ని చిన్నది చేసి చూపినవాడికి అప్పు కూడా చిన్నదే దొరుకుతుంది. మిగతాది వడ్డీ వ్యాపారి దగ్గర. పన్ను మిగిల్చి వడ్డీ కట్టే ఈ బేరంలో లాభం ఏమిటో నాకు అర్థం కాదు. వడ్డీ గురించి వేరే చెప్పాలా?

2025 నవంబర్ నుంచి చిన్న వ్యాపారులకు మూడు పని దినాల్లో నమోదు ఇచ్చే పద్ధతి వచ్చింది. మంచిదే. దానితో పాటు నోటీసు తెలుగులోను, ఉర్దూలోను కొట్టుకే రావాలి. తొలి తప్పుకు జరిమానా బదులు మనిషి వచ్చి చెప్పాలి. అమ్మినవాడు ఎగ్గొడితే కొన్నవాణ్ణి కాక అమ్మినవాణ్ణి పట్టుకోవాలి. ఇవి సర్కారు చెయ్యవలసినవి.

మనం చెయ్యవలసినది ఇంకా తేలలేదు. మా మసీదు వరండాకు టైల్స్ వేయించాలని కమిటీ అనుకుంది. మూడు లక్షల సరుకు. పన్ను 18 శాతం, అంటే 54 వేలు. బిల్లు వద్దంటే ఆ 54 వేలు మిగులుతాయని ఒక దుకాణదారు చెప్పాడట. అల్లాహ్ ఇంటికి గదా, మిగిలితే రెండు ఫ్యాన్లు, ఒక మోటారు వస్తాయి అన్నారు సభ్యులు. మిగిల్చుకోవడానికి ఆ సొమ్ము మనది కాదని నేనన్నాను. కోశాధికారి మంచివాడు, కోపగించుకోలేదు. "సాబ్, మీ మాట నిజమే. కాని చందాలు రెండు లక్షల ఎనభై వేలే వచ్చాయి. అరువు ఇస్తానన్నవాడు ఆయనొక్కడే. బిల్లు అడిగితే అరువు ఇవ్వడు. వర్షాలు రాకముందే పని కావాలి" అన్నాడు. బిల్లుతో తీసుకుంటే వరండా అంతటికీ టైల్స్ రావు, కొంత భాగం సిమెంటు గచ్చుగానే ఉండాలి. నేను వచ్చినంత మేరకే వేయిద్దామన్నాను. ఇద్దరు నాతో ఉన్నారు, నలుగురు లేరు. వచ్చే జుమా తర్వాత మళ్ళీ కూర్చుంటున్నాం.